అరవై ఒకటో లైను

సామర్లకోట,
10 జూన్ 2024.
ఉత్తరం నెం. 1

చిరంజీవి సాయిప్రసన్నకు మామ్మ జగదాంబ ఆశీస్సులు.

నువ్వు ఫోనులో అడిగిన దానికి జవాబు కాగితం మీద ఇస్తానని అప్పుడే చెప్పాను. ఫోనులో మాట్లాడింది ఫోను పెట్టేయగానే పోతుంది. అందుచేత ఈ యంత్రం సంగతి తేలేదాకా మన మధ్య ఉత్తరాలే నడవాలి. నీవీ నావీ కలిపి ఒకటే వరస. ఇది ఒకటి, నీ జవాబు రెండు. మధ్యలో ఏ అంకె అయినా తప్పితే పోస్టులో పోయిందని తెలుసుకోవచ్చు.

యంత్రాన్ని నిన్న జంక్షన్‌లో పార్సిల్ వేయించాను. మీ బాబాయి గున్నేశ్వరరావు పాత గోదాము పడగొట్టి కొత్తది కట్టబోతున్నాడు. కట్టుకోనీ. కానీ యంత్రాన్ని కూడా పాత ఇనప సామాన్ల వాడికి చూపించాడు. వాడు దాన్ని తూకానికి అడిగాడు. "అమ్మా, అది పని చేసే కాలం పోయిందే" అన్నాడు మీ బాబాయి. "పని చేస్తుంది. పని చేయించేవాళ్ళు పోయారు" అన్నాను. అంతలో నీ ఫోను వచ్చింది. బెంగుళూరులో పాత కంప్యూటర్ల ప్రదర్శనశాల ఒకటుందనీ, ఆదివారాలు నువ్వు అక్కడ సాయం చేస్తుంటావనీ, దాన్ని నడిపే సత్యప్రసాద్ గారు మన యంత్రాన్ని చూడాలంటున్నారనీ చెప్పావు.

ఆయన షరతు కూడా చెప్పావు. సొంత ప్రోగ్రాంతో సొంతంగా నడిచే యంత్రానికే పెద్ద హాల్లో చోటు. నడవని వాటిని వెనక గదిలో అరల మీద పెడతారట. షరతు సబబుగానే ఉంది. ఒక గోదాములోంచి ఇంకో గోదాములోకి పోవడానికి నేను దాన్ని పంపలేదు.

యంత్రంతో పాటు బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి వస్తుంది. అందులో ఉన్న ఫ్లాపీ డిస్కు ఒక్కటే. మిగిలినవన్నీ ఈ గోదావరి తేమకు బూజు పట్టి పోయాయి. ఈ ఒక్క దానిలోనే యంత్రాన్ని లేపే సీపీ/ఎం ఉంది, బేసిక్ భాష ఉంది, నేను నడిపిన BASTA అనే ప్రోగ్రాం ఉంది. లారీకి బస్తాలు ఎక్కించేటప్పుడు లెక్కపెట్టే ప్రోగ్రాం అది. డిస్కు అంచున చిన్న గాడి ఉంటుంది. దాని మీద వెండి రంగు స్టిక్కరు అంటించి ఉంది. స్టిక్కరు ఉన్నంత కాలం డిస్కును చదవగలరు గాని దాని మీద ఎవరూ రాయలేరు. నన్ను అడగకుండా దాన్ని తీయకూడదు.

ఇంకొక్క మాట. యంత్రం ముందు అట్ట ముక్క పెట్టి వివరం రాస్తారు కదా. "ఫలానా దుకాణం వారిది" అని ఊరుకోవద్దను. ప్రోగ్రాం నడిపింది జగదాంబ, బి.ఎస్సీ. అని ఉండాలి.

నీ అమ్మానాన్నలకు విడిగా రాస్తాను.

మామ్మ

*

బెంగుళూరు,
19 జూన్.
ఉత్తరం నెం. 2

మామ్మకి నమస్కారాలు.

చేత్తో ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్ది పంపుతావని తెలుసు, అందుకని ముందే చిత్తుప్రతి రాసుకున్నాను.

పెట్టె క్షేమంగా వచ్చింది. సత్యప్రసాద్ గారు దాన్ని చూసి, "ఇంత శుభ్రంగా ఉన్నది నేను ఎక్కడా చూడలేదండీ" అన్నారు. ఆయన తెలుగువారే గానీ జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగారు. రిటైరయ్యేదాకా కంప్యూటర్ సర్వీస్ ఇంజనీరు. పాడైన కెపాసిటర్లు మార్చి, డ్రైవు హెడ్‌లు తుడిచి, నాలుగు రోజులు వరసగా పని చేశారు. స్టిక్కరు జోలికి ఎవరూ పోలేదు.

పోయిన ఆదివారం స్విచ్ వేశాం. ఫ్యాను మోత, డ్రైవులో గరగరమని శబ్దం. తర్వాత నల్లటి స్క్రీన్ మీద ఆకుపచ్చగా రెండే అక్షరాలు:

A>

ఇంకేమీ లేదు. బొమ్మల్లేవు, మెనూ లేదు, వెల్‌కమ్ లేదు. మా ఆఫీసులో వాడే సిస్టమ్స్ మనం అడక్కుండానే ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి. ఇది మాత్రం నోరు మూసుకుని చూస్తూ కూర్చుంది. నిజం చెప్పనా, అచ్చు నువ్వే ఎదురుగా కూర్చున్నట్టుంది. "చెప్పు, ఏం కావాలి? సరిగ్గా చెప్పు" అన్నట్టు.

మొత్తం మెమరీ అరవై నాలుగు కిలోబైట్లు. నా ఫోన్‌లో నీ ఫొటో ఒక్కటే దానికి కొన్ని పదుల రెట్లు. అందులో నువ్వు గోదాము నడిపావా? దీన్ని నీకు ఎవరు నేర్పారు? నాన్నని అడిగితే, "నేను బడి నుంచి వచ్చేసరికి మీ మామ్మ దాని ముందు కూర్చుని ఉండేది, అంతే తెలుసు" అంటున్నాడు.

BASTA కూడా నడిచింది. స్పేస్ బార్ నొక్కితే బీప్ అంటోంది. అందులో ఒక చిన్న విషయం ఉంది. అది నేను చూసుకుంటాలే, నువ్వేం వర్రీ అవకు.

ప్రసన్న

*

సామర్లకోట,
26 జూన్.
ఉత్తరం నెం. 3

చిరంజీవి సాయిప్రసన్నకు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో తప్పులు లేవు. అక్షరాలు మాత్రం వాలిపోతున్నాయి.

ఎవరు నేర్పారని అడిగావు. చెబుతాను. 1984లో మీ తాతగారు దాన్ని కొన్నారు. వైజాగ్‌లో ఎవరి కొట్లోనో చూసి వచ్చి, మనకూ ఉండాలన్నారు. దాన్ని బిగించడానికి కంపెనీ మనిషి రమేష్ బాబు అని ఒకతను వచ్చాడు. టై కట్టుకుని వచ్చాడు, సామర్లకోట ఎండలో. "దీన్ని నడిపేది సీపీ/ఎం అండీ" అన్నాడు. మీ తాతగారు గతుక్కుమన్నారు. "మనకి పార్టీలతో పనేంటండీ? బస్తాలు మోసే ముఠావాళ్ళ యూనియనేమైనా దూరిందా ఇందులో?" అని అడిగారు. అది పార్టీ కాదు, యంత్రాన్ని నడిపే వ్యవస్థ అని ఒప్పించేసరికి ఆ అబ్బాయి టై తీసి జేబులో పెట్టుకున్నాడు.

దుమ్ములో యంత్రం బతకదన్నాడు. బియ్యం, పప్పుల టోకు వ్యాపారం మనది. దుమ్ము లేనిది ఎక్కడ? వెతగ్గా వెతగ్గా ఇంటికీ గోదాముకీ మధ్య గది ఒక్కటే దొరికింది. మా ఇంట్లో ఆడవాళ్ళు ఆ గది దాకా వచ్చేవారు, దాటి దుకాణంలోకి వెళ్ళేవారు కాదు. అంచేత యంత్రం నా హద్దులోకి వచ్చింది. నేను దాని హద్దులోకి వెళ్ళలేదు. దానితో వచ్చిన లావు పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను రాజమండ్రిలో లెక్కలు చదివి పాసైనదాన్ని. మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక ఆ పుస్తకం చదివాను. నువ్వు చదవకూడదని ఎవరూ అనలేదు. అనాలని ఎవరికీ తట్టలేదు.

సీపీ/ఎం గురించి నీకు రెండు సంగతులు తెలియాలి. ఒకటి, PIP అనే ఆజ్ఞ. ఒక డిస్కులోంచి ఇంకో దానిలోకి కాపీ చేయడానికి. PIP B:=A: అంటే A లో ఉన్నది B కి అని. పుచ్చుకునేవాడి పేరు ముందు, ఇచ్చేవాడి పేరు తర్వాత. రమేష్ బాబు ఒకసారి దీన్ని తిరగేసి కొట్టి, కొత్త పని మీద పాత పని కప్పేశాడు. నేను ఒక్కసారీ తిరగేయలేదు. రెండోది, డిస్కు మార్చాక కంట్రోల్ పట్టుకుని C నొక్కాలి. నొక్కకపోతే పాత డిస్కే ఉందనుకుంటుంది, రాయబోతే రాయనివ్వదు. పీట మీద మనిషి మారాడని చెబితే గాని వడ్డించని వంటమనిషి లాంటిది.

తప్పు జరిగితే BDOS ERR ON B: BAD SECTOR అని వచ్చేది. మీ తాతగారికి అందులో ఒక్క ముక్కే అర్థమైంది. "బ్యాడ్ అంటోందేంటి? మన సరుకునేనా?" అని ఊరుకునేవారు కాదు.

1991లో డాస్ యంత్రం వచ్చింది. A> పోయి C> వచ్చింది. కొత్త గుమాస్తా వచ్చాడు, తన ప్రోగ్రాంలు తాను తెచ్చుకున్నాడు. నాది అందులో నడవదన్నాడు. నిజమే, నడవదు. నేను దీనికి గుడ్డ కప్పి పక్కన పెట్టాను. గుమాస్తా మీదా కోపం లేదు, డాస్ మీదా లేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం చివర "ఒక చిన్న విషయం" అన్నావు. నా దగ్గర చిన్న విషయం అనే పద్దు లేదు. అదేమిటో స్పష్టంగా రాయి. "చూసుకుంటాలే" అన్నావంటే అప్పటికే ఏదో చేసి ఉంటావు. నువ్వు ఆరేళ్ళప్పుడు ఆవకాయ జాడీ మూత పగలగొట్టి కూడా ఇదే మాట అన్నావు.

మామ్మ

*

బెంగుళూరు,
3 జులై.
ఉత్తరం నెం. 4

మామ్మకి,

నీకు తెలియకుండా చేద్దామనుకున్నాను. కుదరలేదు. సరే, రాస్తున్నాను. కోప్పడకు.

BASTA నడిపినప్పుడు స్పేస్ బార్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో బస్తా లెక్కకి వచ్చి, స్క్రీన్ మీద పెద్ద అంకె పడుతుంది. పది అవగానే ఒక వరస పూర్తవుతుంది, మళ్ళీ మొదలు. అంతా బాగానే ఉంది. కానీ మొదటి బస్తాకి 1 పడట్లేదు, L అని పడుతోంది. ఆరు తర్వాత 7 పడాల్సిన చోట 6+1 అని పడుతోంది. ప్రతి వరసలోనూ ఇంతే.

ప్రోగ్రాం తెరిచి చూశాం. తప్పు అరవయ్యో లైన్లో ఉంది:

60 DATA L,2,3,4,5,6,6+1,8,9,10

సత్యప్రసాద్ గారు చూడగానే కనిపెట్టారు. పాత టైపు మిషన్లలో ఒకటి అంకె ఉండేది కాదట, దాని బదులు L కొట్టేవారట. ఆ అలవాటు కొద్దీ L పడిందన్నారు. 6+1 సంగతేమో, ఎవరో కూడిక పరీక్షించబోయి దిద్దడం మర్చిపోయి ఉంటారన్నారు. "ఆపరేటర్ కొంచెం కేర్‌లెస్ అండీ, ఆ రోజుల్లో మామూలే" అన్నారు. ఆ ఆపరేటర్ మా మామ్మే అని ఆయనకి అప్పటికి తెలియదు. నేను చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

మామ్మా, నువ్వు నా పెళ్ళి శుభలేఖలో కామా తప్పు పట్టినదానివి. పెద్ద హాల్లో జనమంతా నీ పేరు చదివి, స్క్రీన్ మీద 6+1 చూసి నవ్వుతుంటే నేను పక్కన నిలబడలేను. అందుకని ఆ లైను దిద్దేశాను. L తీసి 1, 6+1 తీసి 7. ప్రస్తుతానికి నా ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీలోనే. కానీ ఈ యంత్రానికి నీ డిస్కు తప్ప ఇంకేదీ పట్టట్లేదు. మా దగ్గరున్న మిగతా ఫ్లాపీలన్నీ పెట్టి చూశాం, ఒక్కటీ చదవట్లేదు. కాబట్టి ఆదివారం నీ డిస్కు మీద స్టిక్కరు తీసి, దిద్దిన ప్రోగ్రామే దాని మీద రాసేస్తాం. పాతది చెరిగిపోతుంది. ఆ తర్వాత నీ ప్రోగ్రాంలో వేలు పెట్టి చూపించడానికి ఎవరికీ ఏమీ దొరకదు. పై వారం హాల్లోకి ఎక్కిస్తాం. తప్పులున్న ప్రోగ్రాంని హాల్లో పెట్టనన్నారు ఆయన, అదీ ఒక కారణం.

నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను. నలభై ఏళ్ళ కిందట పడిన రెండు అక్షరాలు, అంతే కదా.

ప్రసన్న

*

సామర్లకోట,
6 జులై.
ఉత్తరం నెం. 5

చిరంజీవి సాయిప్రసన్నకు,

నీ ఉత్తరం నిన్న, శుక్రవారం అందింది. ఆదివారం రాసేస్తామన్నావు. ఉత్తరం రాస్తే ఈలోగా అందదు కనుక ఫోను చేసి, "దాన్ని ముట్టుకోవద్దు" అని పెట్టేశాను. నా నియమం నేనే తప్పాను. కారణం ఇప్పుడు చెబుతున్నాను. ఇది సత్యప్రసాద్ గారికి చదివి వినిపించు.

మన కీబోర్డులో ఒకటి అంకె ఉంది. L ఎక్కడుందో, 1 ఎక్కడుందో నాకు తెలుసు. తెలిసే L వేశాను.

మన వ్యాపారాల్లో సరుకు లెక్కపెట్టేటప్పుడు మొదటి దాన్ని ఒకటి అనరు. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. ఆరు తర్వాత ఏడు అనరు. ఏడు అంటే అంకే కాదు, ఏడవమని చెప్పడం కూడా. సరుకు ముందు నిలబడి ఆ మాట ఎవరంటారు? అందుకని "ఆరున్నొక్కటి" అంటారు. నీకు తెలియకపోవడం నీ తప్పు కాదు. మీ నాన్న ఉద్యోగం ఊళ్ళలో పెరిగావు. సరుకు నీ కళ్ళకి సంచుల్లో కట్టి, బిల్లు వేసి కనబడింది.

లారీ ఎక్కించేటప్పుడు ముఠా మేస్త్రి బుల్లియ్య బల్ల పక్కన నిలబడి కేక వేసేవాడు. ఆ కేకకి ఒక బస్తా లోపలికి వెళ్ళేది. కిటికీలోంచి నేను విని స్పేస్ బార్ నొక్కాలి. యంత్రాన్ని కిటికీ వైపు తిప్పి పెట్టాం, అంకె వాళ్ళకీ కనిపించాలని. రమేష్ బాబు రాసి ఇచ్చిన ప్రోగ్రాం అది. అందులో 1, 2, 3 అనే ఉండేది.

మొదటి రోజు మొదటి లారీ. ముఠాలో ఏసురాజు అని ఉండేవాడు. అంకెలు చదవడం వచ్చినవాడు, వచ్చునని అందరికీ తెలియాలనుకునేవాడు. బుల్లియ్య "ఆరున్నొక్కటి" అని కేక వేశాడు. నేను నొక్కాను. బీప్ అంది.

"ఏడు," అని పైకి చదివాడు ఏసురాజు.

బస్తాలు ఆగిపోయాయి.

"ఎవడ్రా ఆ మాటన్నది?" అన్నాడు బుల్లియ్య.

"నేను కాదు మేస్త్రీ. పెట్టె అంది."

లోపలి నుంచి మా అత్తగారు లోవమ్మ గారు వచ్చారు. తునిలో పెద్ద కొట్టువాళ్ళ ఆడపడుచు. బడికి వెళ్ళలేదు గాని ఆవిడ నోటిలెక్కకి మీ తాతగారు కూడా ఎదురు చెప్పేవారు కాదు.

"జగదాంబా, నీ పెట్టె పొద్దున్నే ఎవర్ని ఏడవమంటోంది?"

"అది అంకె అండి అత్తయ్యగారూ. ఏడుపు కాదండి."

"అంకైతే నీ గదిలో ఉంచుకో. లారీ ఎదుట వద్దు."

రమేష్ బాబు కల్పించుకున్నాడు. "కంప్యూటర్‌కి శకునాలు ఉండవండీ పెద్దమ్మగారూ."

"నీకూ లేవు నాయనా. బస్తాలు మోసేది నువ్వు కాదుగా," అన్నారు ఆవిడ. ముఠావాళ్ళందరూ నవ్వారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఇది మనం ఎలా చెప్పమంటే అలా చెబుతుందని పది రోజులుగా అంటున్నావు కదే. అయితే చెప్పించు."

ఈ మాట నేను పుస్తకంలో చదవలేదు. ప్రోగ్రాం రాయడం అంటే ఏమిటని ఇప్పుడు నన్నెవరైనా అడిగినా అంతకంటే బాగా చెప్పలేను.

కంపెనీకి రాస్తాననీ, వచ్చే నెల వచ్చి మారుస్తాననీ రమేష్ బాబు అన్నాడు. లారీ నెల రోజులు ఆగదు. మధ్యాహ్నం నేను కూర్చున్నాను. అంకెలను అంకెలుగా కాకుండా అక్షరాలుగా చదివించాలని పుస్తకంలో పట్టుకున్నాను. స్క్రీన్ మీద ఒక్కో గడికి మూడక్షరాలకే చోటు. లాభం పూర్తిగా పట్టదు, అందుకని L. ఆరున్నొక్కటి సరిగ్గా మూడక్షరాల్లో పట్టింది. మీ సత్యప్రసాద్ గారు అజాగ్రత్త అన్న ఆ అరవయ్యో లైను, నేను నా చేత్తో రాసిన మొట్టమొదటి లైను. దాని తర్వాత ఆ ప్రోగ్రాంలో రమేష్ బాబు లైన్లు ఒక్కొక్కటే మార్చి, ఏడాది తిరిగేసరికి మొత్తం నాది చేశాను. మొదలు మాత్రం అదే.

సాయంత్రం రెండో లారీ వచ్చింది. బుల్లియ్య "లాభం" అన్నాడు, L పడింది. "ఆరున్నొక్కటి" అన్నాడు, 6+1 పడింది. "పెట్టెకి మర్యాద తెలిసిందండి అమ్మగారూ" అన్నాడు. అత్తయ్యగారు దగ్గరకు వచ్చి చూశారు.

"మధ్యలో ఆ శిలువ ఏంటే?"

ఏసురాజు బస్తా చాటున నవ్వుకున్నాడు.

"కలపడం అండి."

"కలపడమే కదా. ఉండనీ," అన్నారు.

అప్పటిదాకా ఏ పని పడినా వంటింట్లోంచి నాకు పిలుపు వచ్చేది. ఆ మర్నాటి నుంచి లారీ హారను వినబడితే ఆవిడే లేచి వంటింట్లోకి వెళ్ళేవారు. "నువ్వు కూర్చో, నీ బస్తాలు వచ్చాయి" అనేవారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ యంత్రం ముందు నుంచి నన్ను లేపలేదు.

నాకు శకునాల మీద అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. కానీ యంత్రం వాళ్ళ దగ్గరికి పనికి వచ్చింది. వాళ్ళు యంత్రం దగ్గరికి పనికి రాలేదు. వాళ్ళు ఎలా పిలిస్తే అది అలా పిలవాలి.

నువ్వు దిద్దినది తప్పు. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆ కాపీ చెరిపేయి. ఇంత చెప్పాక కూడా ఆయనకు అది పొరపాటే అనిపిస్తే, యంత్రాన్ని తిరిగి పార్సిల్ వేయించమను. 1, 7 అని పలుకుతూ పెద్ద హాల్లో కూర్చునే కంటే నా మంచం కింద L అంటూ పడి ఉండడం మేలు.

మామ్మ

*

బెంగుళూరు,
16 జులై.
ఉత్తరం నెం. 6

మామ్మకి,

ముందు నీ ఫోన్ సంగతి. నీ నంబర్ చూడగానే ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాను. "దాన్ని ముట్టుకోవద్దు" అని కట్ చేశావు. దేన్ని ముట్టుకోకూడదో అర్థం కావడానికి కాసేపు పట్టింది. అప్పుడు స్టవ్ మీంచి కుక్కర్ దించబోతున్నాను. దాన్ని కూడా ముట్టుకోలేదు. పప్పు మాడిపోయింది.

ఆదివారం వెళ్ళి, రాయడానికి వీల్లేదన్నాను. అప్పటికే సత్యప్రసాద్ గారు స్టిక్కరు అంచు గోటితో కొంచెం లేపారు. నేను డిస్కు లాక్కుని అదిమేశాను. ఆయనకి కోపం వచ్చింది. "కారణం చెప్పండి." "తెలియదు సార్. మా మామ్మ వద్దంది." "మీరు ఇంజనీరేనా?" అన్నారు. వారమంతా ఆయన నాతో మాట్లాడలేదు. పెట్టెని వెనక గదిలో అర మీద పెట్టించారు. ఇది నీకు రాయకూడదనుకున్నాను, కానీ నువ్వు ఎలాగూ పట్టుకుంటావు.

నీ ఉత్తరం అందాక మొన్న ఆదివారం తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆ ఆపరేటర్ మా మామ్మేనని అప్పుడు చెప్పాను. "అజాగ్రత్త" దగ్గరకు వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అంతా విని, జంషెడ్‌పూర్‌లో ఉన్న వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. ఆవిడకి ఎనభై దాటాయట. పుట్టింది తుని పక్కనే.

"అమ్మా, కొట్లో బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ఏమంటారు?"

"లాభం."

"ఒకటి అనరా?"

"ఒకటంటే ఒంటరిదిరా. వ్యాపారం ఒంటరిదాంతో ఎవడు మొదలెడతాడు?"

"మరి ఆరు తర్వాత?"

"ఆరున్నొక్కటి. ఎందుకురా, ఉద్యోగం అయ్యాక కొట్టు పెడుతున్నావా ఏంటి? నీ వల్ల కాదు, చెబుతున్నాను."

ఆయన ఫోన్ పెట్టేసి, పెట్టెని తనే మోసుకెళ్ళి పెద్ద హాల్లో, గుమ్మానికి ఎదురుగా పెట్టారు. అంతకుముందు అక్కడున్న యంత్రాన్ని పక్కకి జరిపారు. నీ పేరుతో అట్ట కూడా రాయించారు. "ప్రోగ్రాం రాసినది" అనే పెట్టారు, "నడిపినది" కాదు. "మామ్మగారికి నా తరఫున చెప్పండి, నేను తొందరపడ్డాను" అన్నారు. నేను స్పేస్ బార్ నొక్కి L చూపించాను. "లాభం" అన్నారు ఆయన మెల్లగా, నోటికి కొత్త మాటలా.

నా ల్యాప్‌టాప్‌లో దిద్దిన కాపీ చెరిపేశాను. మామ్మా, నీ పేరు మీద తప్పు ఉండకూడదనుకున్నాను. అదే అడిగి ఉంటే సరిపోయేది.

ఒక్కటే మిగిలింది. చూసేవాళ్ళు మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతారు. నీ ప్రోగ్రాంలో REM లైను ఒక్కటీ లేదు. ఇది ఎందుకు రాశామో పక్కన చెప్పే మాట ఎక్కడా లేదు. మా ఆఫీసులో ఇలా రాస్తే చీవాట్లు పెడతారు. నువ్వు ఒప్పుకుంటే ల్యాప్‌టాప్ కాపీలో ఒక్క REM కలిపి, ప్రింట్ తీసి పక్కన పెడతాను. ఏం రాయమంటావు?

ప్రసన్న

*

సామర్లకోట,
24 జులై.
ఉత్తరం నెం. 6+1

చిరంజీవి సాయిప్రసన్నకు ఆశీస్సులు.

సత్యప్రసాద్ గారికి నా నమస్కారాలు. తొందరపడ్డాననడం ఆయన పెద్దరికం. వాళ్ళమ్మగారికి ఒక ఉత్తరం విడిగా రాస్తాను, చిరునామా పంపు. నువ్వు కారణం తెలియకుండానే డిస్కు లాక్కున్నావు. ఇంజనీరు చేసే పని కాదు అది. మన ఇంటి పిల్ల చేసే పని. నాకు నచ్చింది.

నిన్న పాత గోదాము గోడ పడగొట్టారు. అంతకుముందు మీ బాబాయి సరుకంతా బయటికి తీయిస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని విన్నాను. ముఠావాళ్ళు కొత్తవాళ్ళు. మేస్త్రి ఫోనులో నొక్కుకుంటూ లెక్కపెడుతున్నాడు. నోటితో మాత్రం "లాభం" అనే మొదలుపెట్టాడు.

REM ఎందుకు లేదన్నావు. ఆ గోదాములో లాభం అంటే ఏమిటో ఎవరికి వ్యాఖ్యానం కావాలి? ఇప్పుడు కావాలి. కాబట్టి రాయి.

బేసిక్‌లో లైన్లకు పది, ఇరవై, ముప్పై అని ఎందుకు వేస్తామో నీకు తెలియదు. మీ భాషల్లో లైన్లకు నంబర్లు లేవు. మధ్యలో ఎవరైనా రావలసి వస్తే చోటు ఉండాలని అలా వేస్తాం. అరవయ్యో లైను తర్వాత ఆ చోటు ఇన్నాళ్ళూ ఖాళీగానే ఉంది. అట్ట మీద నా పేరు ఉండనీ, అది నాది. లోపల ఆ చోటు మాత్రం నాది కాదు.

కాపీలో వద్దు. అసలు డిస్కులోనే రాయి. ముందు ఒక కాపీ భద్రం చేసుకో. తర్వాత స్టిక్కరు నువ్వే తీయి, ఇంకెవరూ తీయకూడదు. A> దగ్గర కంట్రోల్ పట్టుకుని C నొక్కడం మర్చిపోకు. అరవయ్యో లైన్లో ఒక్క అక్షరం కదలకూడదు. దాని కింద ఈ లైను కొట్టు. నంబరు అరవై ఒకటి. ఆరు, పక్కన ఒకటి.

61 REM LOVAMMA GARU CHEPPINCHAMANNARU

లోవమ్మ గారు చెప్పించమన్నారు. అంతే, ఇంకేమీ కలపకు. భద్రపరిచి స్టిక్కరు మళ్ళీ అంటించు. తర్వాత RUN కొట్టి చూడు. తేడా ఏమీ కనపడదు. REM అని ఉన్న లైనును యంత్రం చదవదు, దాటి వెళ్ళిపోతుంది. అది మన కోసం.

మామ్మ